మంత్రిగారి విమానం, సీతారత్నం శుక్రవారం

బహ్రెయిన్‌లో సల్మానియా పెద్దాసుపత్రిలో రక్తపరీక్షకు వెళ్లిన తెలుగువాళ్లలో సీతారత్నం అక్కని ఎరగనివాళ్లు తక్కువ. "చీమ కుట్టినట్టు ఉంటుందంతే, అటు చూడండి" అంటుంది. మనం అటు చూసి ఇటు తిరిగేలోపు సీసా నిండిపోతుంది. ఆ కుట్టింది గండుచీమ అని ఇంటికొచ్చాక తెలుస్తుంది. అక్క అబద్ధం ఆడదు. అలాగని నిజమంతా ఒక్కసారే చెప్పేసే రకమూ కాదు.

ఆవిడది మండపేట, నాది సిద్దిపేట. జింజ్‌లో ఒకే బిల్డింగులో వాళ్లు పైన, మేము కింద. నేను ఇక్కడ ఒక ఇండియన్ స్కూల్లో లెక్కలు చెబుతాను. పేరు ఉజ్వల. నోరు కొంచెం పెద్దదని మా ఆయన హరికిరణ్ అంటాడు. నోరు పెద్దది కాబట్టే ఈ కథ మీదాకా వచ్చింది, లేకపోతే ఆ జింజ్ మెట్ల మీదే ఆవిరైపోయేది.

అక్కకి పెద్ద కోరికలేమీ లేవు. కారు నడపడం నేర్చుకోవాలి, అంతే. పొద్దున డ్యూటీకి భర్త శ్రీనివాసరావుగారు దింపాలి. ఆయనకి లేచీ లేవగానే ఫోన్లో నాలుగు పేపర్లు చదవాలి, తర్వాత తాళాలు వెతకాలి, అవి దొరికాక కళ్లద్దాలు వెతకాలి. అక్క గుమ్మం దగ్గర హ్యాండుబ్యాగు భుజాన వేసుకుని నిలబడి ఉంటుంది. "బండి తాళం నా చేతిలో ఉండాలి ఉజ్వలా. వంకీలొద్దు, వడ్డాణాలొద్దు" అనేది. శుక్రవారం ఇక్కడ సెలవు, పొద్దున రోడ్లు ఖాళీగా ఉంటాయని ఆ పూటకి క్లాసు కుదుర్చుకుంది. జిదాఫ్స్ నుంచి ఒక టీచరమ్మ వస్తుంది, అందరూ ఉమ్ హసన్ అంటారు. మనిషి మంచిదే, కారెక్కితే మాత్రం పోలీసు.

ఇక శ్రీనివాసరావుగారి సంగతి, మాకందరికీ ఆయన రావుగారే. ఇన్సూరెన్స్ కంపెనీలో మేనేజరు. అందరి ప్రమాదాలూ ముందే అంచనా కట్టే ఉద్యోగం. కానీ రాజకీయ నాయకుడు "వస్తాను" అన్నాడంటే చాలు, ఈయన నమ్మేస్తారు. ఏ పార్టీ అయినా సరే. బహ్రెయిన్ తెలుగు సంఘంలో ఆహ్వాన కమిటీ కన్వీనరు కూడా ఈయనే. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, నాయకుడి టికెట్టు ఖాయం కాకముందే ఈయన దగ్గర ఫ్లెక్సీ తయారుగా ఉంటుంది.

ఒకరోజు ఆయన మా సోఫాలో కూర్చుని కొత్త సంగతి చెప్పారు. లోకంలో ఎక్కడో ఆన్‌లైన్‌లో ఒక అంగడి పుట్టిందట. ఫలానా అధ్యక్షుడు నెలాఖరులోగా ఫలానా దేశం వెళ్తాడా అని ప్రశ్న పెడతారట. జనం "అవును" అనో "కాదు" అనో కొనుక్కుంటారట. ఎక్కువమంది "అవును" అంటే దాని ధర పెరుగుతుంది, "కాదు" చవకవుతుంది. చవగ్గా కొన్నది నిజమైతే పంట పండినట్టే.

"అది జూదం కాదా అన్నా?" అన్నాడు మా ఆయన.

"జూదమే. ఇక్కడ నేరం కూడాను. అందుకే మనం పైసా ముట్టుకోం. భోజనం పందెం. ఓడినవాళ్లింట్లో శుక్రవారం మధ్యాహ్నం అందరికీ విందు. ఇందులో తప్పేముంది, పుణ్యం కూడాను!"

అలా "గగనవిహారం" అనే వాట్సాప్ గ్రూపు పుట్టింది. రావుగారు, మా ఆయన, ఎదురు ఫ్లాటు సోమేశ్వరరావుగారు. ఈయన అందరికంటే పెద్ద. భార్య ఏలూరులో ఉంటుంది, ఈయన ఇక్కడ ఒంటరి. పందెం ఆయనే కాస్తారు, తీర్పూ ఆయనే చెబుతారు. మనదేశం వాళ్లమే కదా, ఎవరూ తప్పుపట్టలేదు.

ప్రశ్నలు చూడాలి మీరు! మురుగుకాల్వల అధ్యయనానికని ఎమ్మెల్యేలు స్విట్జర్లాండ్ వెళ్తారా? పెట్టుబడులు తెస్తానన్న నాయకుడు సూటు తప్ప ఇంకేమైనా తెస్తాడా? ఒక పెద్దమనిషి లండన్ వెళ్తూ బహ్రెయిన్ ఎయిర్‌పోర్టులో విమానం మారాడు. ఆయన బహ్రెయిన్ వచ్చినట్టా రానట్టా అని రెండ్రోజులు కొట్టుకున్నారు. చివరికి సోమేశ్వరరావుగారు "ఇక్కడ చాయ్ తాగి ఉంటే వచ్చినట్టే" అని తీర్పిచ్చారు. తాగాడో లేదో కనుక్కోవడానికి ఇంకో రెండ్రోజులు పట్టింది.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. వండేదెవరు మరి? సొమ్మొకడిది సోకొకడిది. మా ఆయన ఓడితే "మా ఇంట్లో బగారన్నం!" అని గ్రూపులో టముకు వేసేవాడు, బియ్యం ఎక్కడుంటాయో కూడా తెలీని మనిషి. సోమేశ్వరరావుగారు ఓడితే కూరగాయల సంచి తెచ్చి సీతారత్నం అక్క గుమ్మంలో పెట్టేవారు. "అమ్మా, సామాను నాది, చెయ్యి నీది" అనేవారు, పెద్ద వరమిచ్చినట్టు. ఇక రావుగారు ఓడని వారం లేదు. నమ్మడం ఆయన జబ్బు. ఆయన నమ్మిన ప్రతి నాయకుడికీ అక్క గుత్తివంకాయ కూరతో మూల్యం చెల్లించేది. శుక్రవారం వస్తే పులిహోర, పప్పుచారు, అప్పడాలు. కింద ఉమ్ హసన్ హారన్ కొట్టి కొట్టి వెళ్లిపోయేది.

ఒకరోజు ఉమ్ హసన్ మెట్లెక్కి పైకే వచ్చేసింది. వంటింట్లో పోపు వాసనకి తుమ్మి, వేలు చూపించి, వచ్చీరాని ఇంగ్లీషులో గట్టిగా చెప్పింది. వచ్చే శుక్రవారం కూడా క్లాసుకి రాకపోతే ఖలాస్. ఆ వేళ ఇంకొకామెకి ఇచ్చేస్తుంది. పరీక్ష తేదీ పోతుంది, మళ్లీ ఎన్ని నెలలకో. అక్క గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆవిడ కళ్లలో నీళ్లు నేను చూశాను. ఉల్లిపాయలంది. అప్పటికి ఉల్లిపాయలు ఇంకా తరగలేదు.

సరిగ్గా ఆ వారమే వచ్చిపడింది వార్త. రావుగారి జిల్లా మంత్రి సంఘం వార్షికోత్సవానికి బహ్రెయిన్ వస్తున్నారు. గురువారం రాత్రి దిగుతారు. రావుగారు కాళ్లు నేల మీద లేకుండా మా ఇంటికి దిగొచ్చారు.

"శుక్రవారం మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనేనమ్మా! పీఏగారికి మాటిచ్చేశాను. పాతికమంది దాకా ఉండొచ్చు."

"అక్కకి చెప్పిన్రా అన్నా?" అన్నాను.

"చెప్పాలి" అన్నారాయన, ఆ సంగతి అప్పుడే గుర్తొచ్చినట్టు.

గ్రూపులో ప్రశ్న పడింది. మంత్రిగారు వస్తారా? ముగ్గురూ "అవును" అన్నారు. సంఘం వాళ్లూ వచ్చి "అవును" అన్నారు. "అవును" ధర నూటికి తొంభైకి పోయింది. ఆ సాయంత్రం ముగ్గురు మగాళ్లూ అక్క వాళ్ల హాల్లో కూర్చుని, ఓడేవాడు ఎవడూ లేకపోతే పందెం ఎలాగని తలలు పట్టుకున్నారు.

అక్క పకోడీల పళ్లెం బల్ల మీద పెట్టింది. "నేను 'కాదు' అంటాను. నన్ను చేర్చుకుంటారా?"

ముగ్గురూ నవ్వారు. "నీకెందుకే రాజకీయాలు?" అన్నారు రావుగారు.

"వండడానికి పనికొచ్చినదాన్ని పందేనికి పనికిరానా? నేను ఓడితే ఆపై శుక్రవారం విందు కూడా నాదే. గెలిస్తే మీరు వండాలి. ముగ్గురూ. సొంత చేతుల్తో. పెళ్లాల చేతుల్తో కాదు."

"ఎన్ని శుక్రవారాలు?" అన్నాడు మా ఆయన వేళాకోళంగా.

లెక్కల టీచర్ని, నేను ఊరుకుంటానా! "'అవును' తొంభై ఉంటే 'కాదు' పది. ఒకటికి తొమ్మిది. మీ అంగడి లెక్కే. తొమ్మిది శుక్రవారాలు" అన్నాను.

సోమేశ్వరరావుగారు పకోడీ నములుతూ "న్యాయమే" అని తీర్పు చెప్పేశారు. ఓడిపోతామన్న అనుమానం లేనివాళ్లు ఎంతకైనా ఒప్పుకుంటారు.

మెట్లు దిగుతుంటే అక్క చెయ్యి పట్టుకున్నాను. "ఏంది అక్కా గీ ధైర్యం?"

"మంత్రి వస్తే ఎలాగూ ఆ పాతికమందికీ వండేది నేనే. క్లాసు పోయినట్టే. పందెం కాస్తే నాకు కొత్తగా పోయేదేముంది?" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "అయినా ఆయన రాడు. జమున దగ్గరికి జాకెట్లు రాలేదు."

జమున ఎవరంటే, రావుగారి సొంత చెల్లెలు. కాకినాడలో లేడీస్ టైలరింగ్ షాపు. మంత్రిగారి భార్య జాకెట్లన్నీ అక్కడే కుట్టిస్తుంది. ఆయన ఒక్కడూ ఒకసారి బ్యాంకాక్ వెళ్లొచ్చాడు. ఏం జరిగిందో మనకెందుకు గానీ, అప్పట్నుంచి ఆవిడ లేకుండా ఆయన సముద్రం దాటలేదు. ఆవిడ కొత్త జాకెట్లు లేకుండా ఊరు దాటదు. అంటే జాకెట్లు పడితే ప్రయాణం, పడకపోతే పేపర్లో ఎంత పెద్ద అక్షరాలతో వేసినా ఉత్తదే. వదినా మరదళ్లకి ఇది ఎప్పట్నుంచో తెలుసు.

మరి రావుగారికి తెలీదా అని మీరడగొచ్చు. ఆయన ఢిల్లీ పేపర్లు చదువుతారు, లండన్ విశ్లేషణలు వింటారు. చెల్లెలు ఫోను చేస్తే మాత్రం "బాగున్నావా అమ్మడూ? ఇదిగో మీ వదిన" అని ఫోను భార్య చేతికిచ్చేస్తారు. ఆ రెండు ముక్కలు దాటి ఆయన చెల్లెలితో మాట్లాడగా నేను వినలేదు.

అంతా బాగుందనుకున్నాం. మంగళవారం అక్క మా వంటింట్లో ఉండగా ఫోను మోగింది. స్పీకర్లో జమున గొంతు వణుకుతోంది.

"వదినా, కొంప మునిగింది! ఆవిడ ఇప్పుడే వచ్చి వెళ్లింది. అయిదు జాకెట్లు. గురువారం పొద్దున్నే కావాలంట. బహ్రెయినేనంట వదినా!"

అక్క స్టూలు మీద కూలబడింది. తొమ్మిది శుక్రవారాల మాట అటుంచండి, క్లాసు పోయింది, పరీక్ష పోయింది, మళ్లీ గుమ్మం దగ్గర హ్యాండుబ్యాగు.

జమున గురించి ఇంకొక్క మాట చెప్పాలి. పనిమంతురాలే. కానీ వేళ అనేది ఆమె మిషను కింద పడి నలిగిపోతుంది. పెళ్లికూతురి జాకెట్టు పదహారు రోజుల పండక్కి ఇచ్చిన చరిత్ర ఆమెది. "హుక్కులే మిగిలాయి" అనే మాట వినని ఆడమనిషి కాకినాడలో లేదంటారు. ఒక్క మంత్రి భార్యకి మాత్రం పక్కవాళ్లవన్నీ పక్కన పడేసి చెప్పిన వేళకి ఇచ్చేస్తుంది.

అక్క స్టూలు ఫోను దగ్గరికి జరుపుకుంది. తర్వాత చాలా మెల్లగా, ఆసుపత్రి గొంతుతో అంది.

"ఎందుకే అంత కంగారు? మంత్రి భార్యయితే ఏంటి? నీకందరూ ఒకటే కదా. అందరికీ కుట్టినట్టే కుట్టు."

అవతల మిషను ఆగిన చప్పుడు. తర్వాత కిసుక్కున నవ్వు. "అర్థమైంది వదినా."

ఫోను పెట్టేశాక నేను నోరు తెరిచాను. "అక్కా, గిది మోసం కాదా?"

"ఏం మోసం? ఆలస్యం చెయ్యమన్నానా నేను? సమానంగా చూడమన్నాను. ప్రజాస్వామ్యం కదే."

చీమ కుట్టినట్టుంది, అంతే.

గురువారం సాయంత్రం రావుగారు సూటు వేసుకుని, మనామా గుడి దగ్గర కొన్న గులాబీల దండతో ఎయిర్‌పోర్టుకి బయల్దేరారు. ఫ్లెక్సీ మా ఆయన పట్టుకున్నాడు. అదే వేళకి కాకినాడలో అయిదు జాకెట్లకీ హుక్కులే మిగిలి ఉన్నాయట. పొద్దున్న కరెంటు పోయిందట, మధ్యాహ్నం దారం రంగు కలవలేదట. ఆవిడ "ఇవి లేకుండా నేను కదలను" అందట. ఆయన ఒక్కడూ కదలడానికి వీల్లేదు కదా. ఎయిర్‌పోర్టులో వీళ్లకి పీఏగారి సందేశం వచ్చింది, అత్యవసర ప్రభుత్వ కార్యక్రమాల వల్ల మంత్రిగారి పర్యటన వాయిదా అని.

రావుగారు తిరిగొచ్చి దండ ఒళ్లో పెట్టుకుని సోఫాలో కూర్చున్నారు. మంత్రి పక్కన నిలబడి ఫోటో దిగి ఊళ్లో వాళ్లకి పంపుతానని పదిమందికి చెప్పుకున్న మనిషి. ఆ మొహం చూసి నాకే జాలేసింది. "చెప్పేద్దామా అనిపించిందే" అంది అక్క తర్వాత. చెప్పలేదు. ఆ దండ తీసుకెళ్లి దేవుడి పటానికి వేసింది, భర్తకి మజ్జిగ ఇచ్చింది, పొద్దున్నకి అలారం పెట్టుకుంది.

శుక్రవారం ఉమ్ హసన్ ఒక్క హారనే కొట్టింది. అక్క అప్పటికే రోడ్డు మీద ఉంది.

ముగ్గురు మగాళ్లు ఒక వంటింట్లో దూరడం నేను గుమ్మంలో కుర్చీ వేసుకుని మరీ చూశాను. సోమేశ్వరరావుగారు అన్నేళ్లుగా ఒంటరిగా ఉంటున్నారు కదా, వంట వచ్చనుకున్నాం. ఆయనకొచ్చింది గుడ్లు ఉడకబెట్టడం. మా ఆయన కుక్కర్ మూతతో కుస్తీ పట్టి "ఇది ఖరాబైంది" అన్నాడు. తలకిందులుగా పట్టుకున్నాడు. రావుగారు భార్యకి ఫోను చేశారు.

"ఏమోయ్, పోపులో ముందు ఆవాలా, జీలకర్రా?"

అవతల నుంచి ఉమ్ హసన్ కేక వినిపించింది. "నో ఫోన్! యల్లా, క్విక్, లుక్ సిగ్నల్!" ఫోను కట్.

అసుర సంధ్య వేళకి భోజనం అయింది. అన్నం ముద్ద, సాంబారు నీళ్లు. నేను రెండుసార్లు వడ్డించుకున్నాను. మా ఆయన నావైపు గుర్రుగా చూశాడు. చూడనీ.

మూడో వారానికే సవరణ ప్రతిపాదించారు, హోటల్ నుంచి తెప్పిద్దామని. "సొంత చేతులు" అని మేమిద్దరం ఒకేసారి అన్నాం. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకి వెరిస్తే ఎలా? వారాలు గడిచేకొద్దీ చేతులు తిరిగాయి. రావుగారి పప్పుచారు నిజంగానే బాగుండేది. తిన్నవాళ్లు బాగుందంటే ఆయన మొహం వెలిగిపోయేది. అది అక్క ఓరకంట చూసేది.

పరీక్ష దగ్గరపడింది. రావుగారే గ్రూపులో ప్రశ్న పెట్టారు. సీతారత్నం మొదటిసారే పాసవుతుందా? వరసగా "కాదు", "కాదు", "కాదు". ఇక్కడ మొదటిసారి పాసైన ఆడవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చునంటూ మా ఆయన పెద్ద వ్యాసం రాశాడు. నేను నోరెత్తలేదు. స్నేహం స్నేహమే, రౌండబౌట్ రౌండబౌటే. "కాదు" తొంభై దాటింది. ఒకే ఒక్క "అవును" పడింది, రావుగారిది.

"ఏ ధైర్యంతోటి అన్నా?" అన్నాను, మెట్ల మీద కనిపిస్తే.

"వస్తానన్న ప్రతివాణ్ణీ నమ్మానమ్మా ఇన్నాళ్లూ. ఈవిడ పాసవుతానంది. ఈవిణ్ణి నమ్మకపోతే ఎలా?"

లెక్కల టీచర్ని, ఆ లెక్క మాత్రం నాకు తట్టలేదు.

అక్క పాసైంది. మొదటిసారే. రావుగారు గెలిచిన మొదటి పందెం అది.

ఆ వారాంతం మొదటి షికారు. అక్క చేతిలో స్టీరింగు, పక్కన రావుగారు పైన పిడి పట్టుకుని, వెనక నేను. "బ్రేకు, బ్రేకు" అని ఆయన లేని బ్రేకు తొక్కుతున్నారు. కాస్త కుదుటపడ్డాక మొదలెట్టారు. "మన మంత్రిగారు వచ్చే నెల ఖాయంగా వస్తున్నారట. ఈసారి తిరుగులేదు."

అప్పుడు అక్క ఫోను మోగింది. జమున. రావుగారు అలవాటుగా ఎత్తారు. "బాగున్నావా అమ్మడూ? ఇదిగో మీ వదిన" అని ఫోను అక్కకి చాపారు.

"నేను ఫోను పట్టుకుంటే జరిమానా" అంది అక్క, కళ్లు రోడ్డు మీంచి తిప్పకుండా. "తర్వాత చేస్తానని చెప్పండి."

ఆయన చెప్పలేదు. స్పీకర్ నొక్కారు. జమున ఆగలేదు.

"వదినా, ఆవిడ మళ్లీ వచ్చింది! ఈసారి ఆరు జాకెట్లు. బహ్రెయినేనంట. త్వరగా చెప్పు, వేళకి కుట్టనా, పోయినసారిలాగా అందరితో సమానంగా కుట్టనా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. చూడ్డానికి ఏమీ లేదు, ఒక గోడ. అక్క రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి, ఉమ్ హసన్ నేర్పినట్టే.

"ఎవరావిడ?" అన్నారు రావుగారు.

"అన్నయ్యా! నువ్వా?" జమున గొంతు సగానికి తగ్గింది. "మంత్రిగారి భార్య."

"మంత్రిగారి భార్య నీ దగ్గర కుట్టించుకుంటుందా? నాకు చెప్పలేదేం?"

"నువ్వెప్పుడు అడిగావన్నయ్యా? 'బాగున్నావా, ఇదిగో మీ వదిన', అంతేగా నువ్వు నాతో మాట్లాడేది."

సిగ్నల్ ఎర్రబడింది. కారు ఆగింది. రావుగారు భార్య వైపు చూశారు. ఆ తొమ్మిది శుక్రవారాల పప్పుచారూ, ఎయిర్‌పోర్టు దండా ఆయన మొహం మీద వరసగా కనబడ్డాయి నాకు. ఇంకేముంది, గొడవే అనుకున్నాను. సిగ్నల్ పచ్చబడింది. ఆయన జేబులోంచి తన ఫోను తీసి, "గగనవిహారం" తెరిచి, కళ్లద్దాలు సర్దుకున్నారు.

"జమునా, లైన్లోనే ఉండమ్మా. ఇంకా మిషను తొక్కకు."

"ఏం అన్నయ్యా?"

"ముందు నేను పందెం కాయనీ. ఎలా కుట్టాలో తర్వాత చెబుతాను."